పంటు మీద పిలిచి చూసిన పేరు

దొరబాబు జిరాక్సు కొట్లో
ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు పొట్టి.
ఒరిగి కూర్చుని, ఒళ్లో సగం అల్లిన లేసుతో
పేరు వెతుక్కుంటున్నాను.

"వెతికేవాడి నోట్లో ఉన్న మాటే
పేరులోనూ ఉండాలక్కా.
టేబులు, కవరు, చేతిపని, తెలుపు, చవక...
అన్నీ గుచ్చేద్దాం."
చూస్తే అది పేరులా లేదు,
సంతకెళ్లేటప్పుడు రాసుకునే చీటీలా ఉంది.
మాటకీ మాటకీ మధ్య అడ్డగీతలు,
అల్లిక తప్పి వేలాడే దారాల్లా.
"ఒకప్పుడైతే ఇలాంటివే పైకి తేలేవి.
ఇప్పుడా యంత్రం ముదిరిపోయింది,
ఉత్త మాటలకి పడదంట," అని
తన సలహా తానే చెరిపేసుకున్నాడు.
ఆ నిజాయితీకి ఓ టీ చెప్పాను.

సరేనని నరసాపురం పక్కన లేసు చేర్చి కొట్టాడు.
ఎవరో కొనేశారు.
తలుపు తీస్తే లోపల ఏమీ లేదు.
ఒక బొమ్మ లేదు, బల్ల లేదు,
"అమ్మబడును" అని ఒక్క ముక్క,
కింద లక్షా ఎనభై వేలు.
మన రేవు మొహం చూడనివాడెవడో
మన ఊరి పేరుకి తాళం వేసుకుని పోయాడు.
కోపం రాలేదు, నవ్వొచ్చింది.
ముప్పై ఏళ్లు ఏజెంటు పేరిశాస్త్రి
మేం అల్లినవాటికి కంపెనీ చీటీ కుట్టించేవాడు.
ఆ చీటీ కుట్టిందీ మేమే.
చీటీకి పావలా.

అసలు జనం ఏమని అడుగుతారో చూపించమన్నాను.
రెండక్షరాలు కొట్టగానే
కింద వరసగా రాలాయి
ఎక్కడెక్కడివాళ్లో గొణుక్కున్న గొణుగుళ్లు:
లేసు ఎలా ఉతకాలి
అమ్మమ్మ ఇచ్చిన లేసు చిరిగితే
తెల్ల లేసు పచ్చబారితే ఏం చేయాలి
కొక్కెం సూది చేతిలో ఆగిపోయింది.
వీళ్లు కొనడానికి రాలేదు,
ఉన్నది పాడైపోతుందేమోనని వచ్చారు.
నాకు తెలుసు కదా!
గంజి ఆరకముందే గుండుసూదులు గుచ్చడం,
నిమ్మచెక్క, లేత ఎండ,
తెగిన కన్ను పక్క కన్నుని లాగకుండా
ముడి ఎక్కడ పడాలో.
ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు గనక
ఇదొక తెలివని నాకే తెలీదు.
"ముందు ఇవి రాద్దాం దొరబాబూ.
పేరు చిన్నదైనా చాలు."

పదకొండు మందిమి, పదకొండు పేర్లు.
మేరీరత్నం "చేపకన్ను" అంది,
మా అల్లికల్లో కష్టమైనదాని పేరు.
"చెరువులవాళ్లొచ్చి మేత రేటు అడుగుతారు,"
అన్నాడు దొరబాబు.
వలందర, అన్నాను నేను.
ఒలందువాళ్ల ఓడలు ఆగిన రేవంట.
వాళ్ల పేరు మనవాళ్ల నోట్లో పడి
నానీ నానీ వలందర అయిందంటారు.
ఓడలు పోయాయి.
తప్పుగా పలికిన మాట ఒక్కటే మిగిలి
దాని మెట్ల మీద మనం కాళ్లు కడుక్కుంటున్నాం.
ఎవరూ వెతకరు, అందుకే ఖాళీగా ఉంది.
ఏడాదికి తొమ్మిది వందల చిల్లర.
కొనడం కాదట, అద్దె.
ఇంగ్లీషులో హెచ్ ఉన్నదొకటి, లేనిదొకటి,
రెండూ తీసుకోమన్నాడు.
రెండోది పండక్కి చూద్దామన్నాను.

"నోటితో చెబితే ఎదుటివాడికి అందాలి,"
అన్నాడు గనక
సాయంత్రం సఖినేటిపల్లి పంటు ఎక్కాను.
ఇంజను దడదడ, మోటారు సైకిళ్లు,
కొబ్బరి గెలలు, ఒక మేకపిల్ల.
అవతలి అంచున ఎవరో ఆవిడ, సంచి పట్టుకుని.
సిగ్గు విడిచి అరిచాను:
మా లేసు పేరు వలందర లేసండీ!
సగం గాలి తీసుకుపోయింది.
ఆవిడ చెవి దగ్గర చెయ్యి ఆనించి
"బలందరా? ఎక్కడమ్మా అది,
ఏముంటుంది అందులో?"

మళ్లీ తప్పే పలికింది.
నేను కమ్మీ పట్టుకుని
మేకపిల్లని దాటుకుంటూ ఆవిడ వైపు నడిచాను,
నిమ్మచెక్క దగ్గర్నుంచి
మొదలుపెడదామని.